మామ్మ బొమ్మ రోసాల్బా పద్ధతిలో పేస్టల్‌తో ఎలా వేయాలంటే

మాది నరసాపురం దగ్గర ఒక పల్లెటూరండి. మా ఇంట్లో మామ్మ, అమ్మ, పెద్దమ్మ అందరూ లేసు అల్లినవాళ్ళే, మధ్యాహ్నం వంటిల్లు సర్దేశాక అరుగు మీద వరసగా కూర్చుని దారం ఉండలు ఒళ్ళో పెట్టుకుని అల్లుతుంటే ఆ చేతుల్నే చూస్తూ పెరిగాను. నాకు అల్లకం పట్టుబడలేదు గానీ బొమ్మలు పట్టుబడ్డాయి. చాలా ఏళ్ళు పెన్సిల్‌తో వేశాను, తర్వాత ఆయిల్ కలర్స్‌తో వేశాను, చెట్లూ పడవలూ బానే వచ్చేవి, మనుషుల మొహాలు మాత్రం ఎప్పుడూ బిగుసుకుపోయినట్టే ఉండేవి. రోసాల్బా కారియెరా అనే ఇటలీ ఆవిడ పేస్టల్‌తో, అంటే పొడి రంగు కడ్డీలతో, వేసిన బొమ్మలు చూశాక నేను మొహం వేసే తీరే మారిపోయింది. అందుకే ఆవిడ ఎలా వేసేదో, అది మన డెల్టాలో, మన ఇళ్ళల్లో, మన వాళ్ళ మొహాలకి ఎలా కుదురుద్దో నాకు తెలిసినంతా ఒకచోట రాద్దామని కూర్చున్నాను. పెద్దదే అవుద్ది, తీరిగ్గా చదవండి.

ముందు ఆవిడ ఎవరో కొంచెం చెప్పాలి, ఆవిడ బతుకు తెలిస్తేనే ఈ పద్ధతి ఇలా ఎందుకుందో తెలుస్తుంది. 1673లో వెనిస్‌లో పుట్టింది. నాన్నది గుమాస్తా ఉద్యోగం, అమ్మది లేసు పని. ముగ్గురు ఆడపిల్లల్లో రోసాల్బా పెద్దది, తర్వాత జొవాన్నా, ఆంజెలా. చిన్నప్పుడు అమ్మ లేసుకి డిజైన్లు గీసిపెట్టేదని చెప్పుకుంటారు. ఈ ఒక్క ముక్క చదివే నేను ఆవిడ్ని పట్టుకున్నానండి, ఎందుకంటే అక్కడా కాలవలే ఇక్కడా కాలవలే, అక్కడా లేసే ఇక్కడా లేసే. వాళ్ళది సూదీ దారంతో కుట్టే లేసు, మనది కొక్కెం సూదితో అల్లేది, తేడా ఉంది, కానీ గళ్ళూ ఖాళీలూ లెక్కపెట్టే ఓపిక రెంటికీ ఒకటే.

మొదట్లో ఆవిడ వేసినవి పెద్ద బొమ్మలేం కాదు. పొడుం డబ్బాల మూతల మీద చిన్న చిన్న మొహాలు. మా తాతయ్య దగ్గర కూడా పొడుం డబ్బా ఉండేది, అది గుర్తుంటే సైజు మీకు తెలుస్తుంది, బొటనవేలంత స్థలంలో ఒక మొహం వేయాలన్నమాట. అప్పటిదాకా ఇలాంటి చిన్న బొమ్మలు తోలు కాగితం మీద వేసేవాళ్ళు, ఈవిడ ఏనుగు దంతం రేకు మీద వేయడం మొదలుపెట్టింది, దాంతో చర్మం రంగుకి లోపలి నుంచి వెలుతురు వచ్చినట్టు ఉండేది. ఆ పనికే 1705లో రోమ్‌లో సాన్ లూకా అనే చిత్రకారుల అకాడమీ వాళ్ళు సభ్యత్వం ఇచ్చారు. పేస్టల్‌తో పేరొచ్చింది ఆ తర్వాతే.

అందుకని మీరు కూడా మొదలు చిన్నగానే మొదలుపెట్టండి. ఇది నేను గట్టిగా చెప్పేది. కాగితం మీద అగ్గిపెట్టె సైజు గళ్ళు పది గీసుకోండి, ఒక్కో గడిలో ఇంట్లో వాళ్ళ మొహం ఒక్కోటి వేయండి, కళ్ళూ ముక్కూ వివరంగా వద్దు, వెలుగు ఎక్కడ పడింది, నీడ ఎక్కడుంది, మధ్య రంగు ఎక్కడుంది, ఈ మూడే. ఒక బొగ్గు ముక్క, ఒక తెల్ల చాక్, గోధుమ రంగు కాగితం చాలు. అంత చిన్న సైజులో కనురెప్పలు గీయడానికి చోటుండదు కాబట్టి మనిషి మొత్తంగా ఎలా ఉంటాడో అదే చూడ్డం అలవాటవుద్ది. నేను ఈ పని చేయకుండా నేరుగా పెద్ద కాగితం మీదకి వెళ్ళి రెండేళ్ళు పోగొట్టుకున్నాను. పది గళ్ళు అయ్యాక చూడండి, పేరు రాయకపోయినా ఎవరిది ఏదో ఇంట్లో వాళ్ళు పోల్చుకుంటున్నారంటే మీరు రెడీ అన్నట్టే.

ఇప్పుడు సామాను. షాపులో అడిగేటప్పుడు సాఫ్ట్ పేస్టల్ అని అడగండి, బాక్స్ మీద కూడా అదే చూడండి. పిల్లలు స్కూల్లో వాడేది ఆయిల్ పేస్టల్, అది మైనంలా జిడ్డుగా ఉంటది, దాంతో ఈ పని అవదు. సాఫ్ట్ పేస్టల్ చాక్‌పీస్ లాగా పొడిపొడిగా ఉంటది, వేలికి అంటుకుంటే పుప్పొడిలా ఉంటది. బాక్స్‌లో రంగులు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదనుకోకండి, మన మొహాలకి కావాల్సినవి మట్టి రంగులు, ఇటుక రంగు, కావి, ముదురు గోధుమ, పసుప్పచ్చ మట్టి రంగు, కొంచెం వంకాయ రంగు, ఒక బూడిద ఆకుపచ్చ, ఒక నీలం, లేత రంగులు మూడు నాలుగు. బాక్స్‌లో వచ్చే గులాబీ లేత చర్మం రంగు మనకి పనికిరాదు, అది పూస్తే మామ్మ పౌడర్ వేసుకుని ఫొటో దిగినట్టు ఉంటుంది. నల్ల రంగు కాటుక దగ్గర తప్ప పక్కన పెట్టేయండి, నీడకి నలుపు వాడితే మొహం మసి పట్టినట్టు అవుద్ది.

రంగులు సొంతంగా చేసుకోవచ్చా అని కొందరు అడుగుతుంటారు, చేసుకోవచ్చు, నేను కావి రంగువి చేసుకుంటాను. పేస్టల్ అంటే రంగు పొడి, తెల్ల సుద్ద పొడి, కొంచెం జిగురు నీళ్ళు, అంతే. జిగురుకి మన చేల గట్ల మీద దొరికే తుమ్మబంక నీళ్ళలో నానబెట్టి గుడ్డలో వడకట్టి బాగా పల్చన చేసుకోండి, వేలికి రాసుకుంటే అంటుకుంటున్నట్టు తెలియకూడదు, అంత పల్చన. చపాతీ పిండిలా కలిపి చిటికెన వేలంత కడ్డీలు చేసి నీడలో ఆరబెట్టాలి. ముందు ఒక్క కడ్డీ చేసి ఆరాక గీసి చూడండి, గీరుకుంటుంటే జిగురు ఎక్కువైంది, పట్టుకోగానే పొడి రాలిపోతుంటే తక్కువైంది. సుద్ద బదులు సున్నం కలపొద్దు, చేతులు కాలతాయి. పసుపు కూడా వద్దు, వేసినప్పుడు ఎంత బాగున్నా వెలుతురుకి వెలిసిపోద్ది. కొన్ని రంగు పొడులు విషం కాబట్టి ఏంటో తెలియని పొడి అసలు తీసుకోకండి, పొడి కలిపేటప్పుడు ముక్కుకి మాస్క్ ఉండాలి.

కాగితం సంగతి చాలా ముఖ్యం. రోసాల్బా నీలం కాగితం మీద వేసేది. వెనిస్‌లో పాత నీలం గుడ్డలతో చేసిన కాగితం దొరికేది, ఆవిడకి ముందు వాళ్ళు కూడా దానిమీద బొమ్మలు గీసేవాళ్ళు. తెల్ల కాగితం మీద అయితే మీరు వేసే ప్రతి రంగూ ముదురుగానే కనిపిస్తుంది, ఎంత వేయాలో తెలియదు. నీలం బూడిద కాగితం మీద అయితే వెలుగూ నీడా రెండూ వేయొచ్చు, కాగితం రంగే మధ్యలో ఉంటుంది. పైగా మనిషి చర్మం కింద నరాల రంగు కొంచెం నీలంగా ఉంటది చూడండి, కణతల దగ్గర, కళ్ళ కింద, అక్కడ రంగు పల్చగా వేసి కాగితాన్ని కనపడనిస్తే చాలు, చర్మం బతికున్నట్టు ఉంటుంది. చామనఛాయ మొహాలకి ఈ నీలం కాగితం ఇంకా బాగా కుదురుతుందని నా అభిప్రాయం, ఇటుక రంగు దానిమీద వెలిగిపోద్ది. షాపులో పేస్టల్ పేపర్ అని గరుకుగా ఉండేది దొరుకుతుంది, నీలం బూడిద రంగు అడగండి. నున్నటి కాగితం, చార్టు పేపరు పనికిరావు, పొడి నిలవదు.

మన దగ్గర అసలు శత్రువు నెమ్ము. నేను మొదటి పేస్టల్ బొమ్మ శ్రావణమాసంలో వేశాను, బయట ముసురు, గోడలు చెమ్మ, కాగితం అప్పడంలా ఉబ్బిపోయి వంకర తిరిగింది, నెల తిరిగేసరికి మామ్మ బుగ్గ మీద తెల్లటి బూజు చుక్కలు వచ్చాయి. ఏడుపొచ్చేసిందండి నాకు. అందుకని ఇప్పుడు ధనుర్మాసం నుంచి మాఘమాసం దాకా మాత్రమే వేస్తాను, పొద్దున మంచు విడిచాక, సంక్రాంతి హడావుడి అయ్యాక అయితే ఇంకా మంచిది, ఇంట్లో మనుషులు కూడా తీరిగ్గా ఉంటారు. కాగితాల్ని ఇనప పెట్టెలో అడుగున సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకోండి, కొత్త బ్యాగుల్లో చెప్పుల డబ్బాల్లో వస్తాయే అవే. వెనిస్ కూడా నీళ్ళ మధ్యలో ఉన్న ఊరే, ఆవిడ ఇల్లు పెద్ద కాలవ ఒడ్డునే. అంత తడి ఊళ్ళో ఇంత పొడి రంగుతో ఆవిడ పని చేసిందంటే మనం కూడా చేయగలం.

కూర్చోబెట్టడం. పేస్టల్‌లో ఉన్న గొప్ప సుఖం ఏంటంటే ఆరడానికి ఆగక్కర్లేదు. ఆయిల్ అయితే ఒక పూత ఆరాకే ఇంకో పూత, రోజుల తరబడి పడుతుంది. పేస్టల్ వేసింది వేసినట్టు ఉంటది, ఎక్కడ ఆపితే మళ్ళీ అక్కణ్ణించి మొదలుపెట్టొచ్చు. అందుకే వెనిస్ చూడ్డానికి వచ్చిన ఇంగ్లీషు దొరలు, జర్మన్ రాకుమారులు ఊళ్ళో ఉన్న నాలుగు రోజుల్లో ఈవిడ దగ్గర కూర్చుని బొమ్మ వేయించుకుని పోయేవాళ్ళు. మన మామ్మలకీ ఇదే సుఖం. మా మామ్మ ఇరవై నిమిషాల మించి కూర్చోలేదు, నడుం నొప్పి, మధ్యలో పాలవాడు వస్తాడు, కోడి ఇంట్లోకి దూరుద్ది. రోజుకి ఇరవై నిమిషాలు, ఐదారు రోజులు, సరిపోయింది.

రోజూ అదే చోట కూర్చోవాలి కాబట్టి స్టూలు కాళ్ళ దగ్గర ముగ్గుపిండితో గుర్తు పెట్టుకోండి, మీ కాళ్ళ దగ్గర కూడా. రోజూ అదే టైము, పొద్దున ఎనిమిదిన్నర నుంచి పది లోపు. ఉత్తరం వైపు వసారా ఉంటే అంతకంటే ఏం కావాలి, ఎండ నేరుగా పడదు, వెలుతురు మెత్తగా ఉంటది. మండువా లోగిలి ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, మండువా అంచున కాదు, ఒక రెండడుగులు లోపలికి జరిపి కూర్చోబెట్టండి, పైనుంచి పడే వెలుతురు మొహం మీదకి పక్కగా వస్తుంది, అంచునే కూర్చుంటే కళ్ళు గుంటల్లో పడిపోయి చీకటైపోతాయి. ఇంకోటి గమనించండి, మన దగ్గర చుట్టూ కొబ్బరి తోటలూ వరిచేలూ, ఆ పచ్చదనం మొహం మీద నీడ వైపు పడుతుంది. దవడ కింద, మెడ దగ్గర లేత ఆకుపచ్చ కనిపిస్తుంది. నేను చాలా రోజులు అది నా కళ్ళ పొరపాటు అనుకుని గోధుమ రంగే వేశాను. బూడిద ఆకుపచ్చ పల్చగా వేసి చూశాక తెలిసింది, మామ్మ మా వసారాలోనే కూర్చున్నట్టు వచ్చింది.

మామ్మని కూర్చోబెట్టి కబుర్లు చెప్పించండి. ఊరికే చూస్తూ కూర్చోమంటే మొహం ఆధార్ కార్డు ఫొటోలా బిగుసుకుంటుంది. మా మామ్మకి గోదావరి మీద లాంచీల్లో తిరిగిన రోజులు అడిగితే చాలు, నోరు కదులుతుంటే మూతి వేయలేం కదా అనుకోకండి, మూతి ఆఖరి రోజు వేసుకోవచ్చు, ముందు కళ్ళ చుట్టూ ముడతల్లో నవ్వు వస్తుంది, అది పట్టుకోవాలి.

గీయడం మొదలుపెట్టేది లేత గోధుమ రంగు పేస్టల్‌తో, చాలా తేలిగ్గా, పెన్సిల్‌తో వద్దు, పెన్సిల్ గీత మీద పేస్టల్ జారిపోద్ది. నడినెత్తి నుంచి గడ్డం దాకా సగం దగ్గర కళ్ళు వస్తాయి, అందరూ కళ్ళు బాగా పైకి పెట్టేస్తారు, నేనూ పెట్టేదాన్ని. రెండు కళ్ళ మధ్య ఇంకో కన్ను పట్టేంత ఖాళీ. పెద్దవాళ్ళకి ఒక తేడా ఉంది, పళ్ళు ఊడాక ముక్కుకీ గడ్డానికీ మధ్య దూరం తగ్గిపోద్ది, పెదాలు లోపలికి పోతాయి, చెవి తమ్మెలు కమ్మల బరువుకి సాగి కిందకి వస్తాయి. పుస్తకంలో కొలతలు పాతికేళ్ళ వాళ్ళకి రాసినవి, మామ్మని మామ్మ కొలతలతోనే వేయాలి.

తర్వాత రంగు. గట్టి కడ్డీలు ముందు, మెత్తవి తర్వాత. ముదురు ముందు, లేత తర్వాత. ఈ రెండూ తప్పితే బురద అయిపోద్ది. కడ్డీని మొనతో కాకుండా పక్కకి పడుకోబెట్టి, బరువు పెట్టకుండా, కాగితం మీద ఇల్లు తుడిచినట్టు లాగండి. నీడ వైపు వంకాయ రంగు, ముదురు గోధుమ. మధ్యలో ఇటుక రంగు, కావి. వెలుగు వైపు పసుప్పచ్చ మట్టి రంగు. ఆఖర్న నుదుటి మీద, ముక్కు మొన మీద, బుగ్గ ఎముక మీద చాలా లేత రంగు, అక్కడ కూడా పచ్చి తెలుపు వద్దు. ఇప్పుడు వేలితో ఒక్కసారి, ఒకేఒక్కసారి, మెల్లగా రుద్దండి. ఇక్కడే అందరూ చెడగొట్టుకునేది. రుద్దుతుంటే నున్నగా వస్తుంటుంది, బాగుందని ఇంకా రుద్దుతారు, కాగితం గరుకు నిండిపోద్ది, మొహం ప్లాస్టిక్ బొమ్మలా అయిపోద్ది, ఇంక పైన ఏ రంగూ పట్టదు. రోసాల్బా బొమ్మలు దగ్గరగా పెద్దది చేసి చూడండి, బుగ్గలు మెత్తగా కలిపేసి ఉంటాయి, జుట్టు, నగలు, బట్టలు మాత్రం గీసిన గీత గీసినట్టే వదిలేసి ఉంటాయి. మెత్తగా ఉన్నదాని పక్కన గరుగ్గా ఉంటేనే రెండూ తెలుస్తాయి. మొహం అంతా కలిపాక, పైన మళ్ళీ కొన్ని గీతలు కలపకుండా వదిలేయండి, ముడతల దగ్గర ముఖ్యంగా.

కళ్ళ గురించి. తెల్లగుడ్డు తెల్లగా ఉండదండి, పెద్దవాళ్ళకి అసలు ఉండదు, లేత బూడిద, మూలల్లో కొంచెం ఎరుపు. నల్లగుడ్డు మీద వెలుతురు చుక్క మాత్రం ఆఖరి రోజు ఆఖరి నిమిషంలో పెట్టండి, తెల్ల కడ్డీని విరిచి కొత్తగా వచ్చిన మొనతో, ఒక్క చుక్క.

ఇప్పుడు లేసు, ఇదే నాకు ప్రాణం. లేసులో ఒక్కో దారం గీయాలనుకుంటే అది అయిపోయేది కాదు, అయినా అది చెక్క మీద చెక్కినట్టు ఉంటుంది. రోసాల్బా ఏం చేసేదంటే కింద ముందు ముదురు రంగు బట్ట వేసేసేది, దాని మీద తెల్ల కడ్డీని పక్కకి పడుకోబెట్టి తేలిగ్గా లాగేసేది. కాగితం గరుకులో ఎత్తు ఉన్నచోట తెలుపు పడుద్ది, పల్లం ఉన్నచోట కింది రంగు కనిపిస్తుంది, చూసేవాళ్ళకి గళ్ళూ రంధ్రాలూ అన్నీ ఉన్నట్టే అనిపిస్తుంది. చిన్నప్పటి నుంచి లేసు మధ్య పెరిగిన మనిషికే ఇది తడుతుందని నేను నమ్ముతాను, లేసంటే దారం కాదు, దారానికీ దారానికీ మధ్య ఖాళీ అని తెలిసినవాళ్ళకి. ఆ తర్వాత అక్కడక్కడా ముడి ఉన్నచోట గట్టి తెలుపు కావాలి కదా, దానికి తెల్ల కడ్డీని చెంచా వెనకతో నూరి రెండు మూడు నీటి చుక్కలు కలిపి సన్న బ్రష్‌తో చుక్కలు పెట్టండి. ఆవిడ కూడా వెలుగు చుక్కలకి ఇలా తడి చేసిన తెలుపే వాడేది. మామ్మ నెరిసిన జుట్టుకి, నూలు చీరకి, ముక్కుపుడక మెరుపుకి ఇదే పద్ధతి. మా మామ్మ జాకెట్టు చేతులకి తను అల్లిన లేసే కుట్టుకుంది, ఆ జాకెట్టే వేసుకోమన్నాను.

వెనకాల ఏం వేయాలని తలబద్దలు కొట్టుకోకండి. ఆవిడ చాలావాటికి వెనక ఉత్త బూడిద నీలం వేసి వదిలేసింది. మన వాళ్ళు అరటిచెట్టూ కలశం ఫొటోస్టూడియో తెరా అన్నీ పెట్టమంటారు, వద్దు.

పని పంచుకోవడం గురించి కూడా చెప్పాలి. రోసాల్బా ఒక్కతే చేసుకున్న పని కాదు ఇది, చెల్లెలు జొవాన్నా పక్కనే ఉండి బట్టలు, వెనక భాగాలు పూర్తిచేయడంలో సాయం చేసేది. 1715లో ఆవిడ వేసుకున్న సొంత బొమ్మలో చేతిలో చెల్లెలి బొమ్మ పట్టుకుని ఉంటుంది, అది ఇప్పుడు ఫ్లారెన్స్‌లో ఉఫీజీ మ్యూజియంలో ఉంది. ఆ బొమ్మ నేను ఎన్నిసార్లు చూశానో. రోసాల్బా పెళ్ళి చేసుకోలేదు, తన చేతి సంపాదనతో అమ్మనీ చెల్లెల్నీ చూసుకుంది. 1720లో అమ్మనీ చెల్లెళ్ళనీ తీసుకుని పారిస్ వెళ్ళింది, అప్పటికి పదేళ్ళున్న రాజు పదిహేనో లూయీ బొమ్మ వేసింది, ఆ ఏడే అక్కడి రాయల్ అకాడమీలో సభ్యత్వం వచ్చింది, ఆడవాళ్ళకి అది దొరకడం చాలా అరుదైన రోజుల్లో. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఎవరు వచ్చారు, ఎవరిది వేసింది అని డైరీ రాసుకుంది. 1721లో వెనిస్ తిరిగొచ్చేసింది, 1730లో వియన్నా చక్రవర్తి దగ్గరికి వెళ్ళినా మళ్ళీ తన కాలవ ఒడ్డుకే వచ్చింది. పోలండ్ రాజు మూడో ఆగస్టస్ అయితే ఈవిడవి 150కి పైగా పేస్టల్స్ కొన్నాడు, వాటిలో చాలా ఇప్పటికీ జర్మనీలో డ్రెస్డెన్‌లో ఉన్నాయి.

నేను కూడా నోట్‌బుక్ పెట్టాను, ఏ రోజు ఏ రంగులు ఏ వరసలో వేశానో రాస్తాను, కడ్డీతో ఒక గీత కూడా పక్కన గీసిపెడతాను, మర్నాడు అదే రంగు వెతుక్కోనక్కర్లేదు. మా చెల్లి చీర మడతలు వేసిపెడుతుంది, తనకి బట్ట పడే తీరు నాకంటే బాగా తెలుసు. ఇద్దరు చేస్తే బొమ్మ మనది కాకుండా పోద్దేమో అని బెంగ పడకండి.

మామ్మ మధ్యలో ఒకరోజు వచ్చి చూసి బుగ్గ మీద మచ్చ తీసేయమంది, జుట్టు కొంచెం నల్లగా వేయమంది. మీ ఇంట్లో కూడా అడుగుతారు. నేను కూర్చుని ఫోన్‌లో రోసాల్బా సొంత బొమ్మలు చూపించాను, ఒకదాంట్లో తనని తాను శీతాకాలంలా వేసుకుంది, తెల్లటి బొచ్చు టోపీ, బూడిద జుట్టు. ఇంకోటి డెబ్బై దాటాక వేసుకున్నది, తల మీద ఆకుల దండ, అలిసిపోయిన మొహం, ఎక్కడా వయసు దాచుకోలేదు. రాణులకీ రాకుమార్తెలకీ బుగ్గలు మెరిపించిన చెయ్యే తన మొహం దగ్గరికి వచ్చేసరికి ఉన్నది ఉన్నట్టు వేసింది. మామ్మ చాలాసేపు చూసి, సరే మచ్చ ఉంచు అంది. వేయించుకునే మనిషి ఒప్పుకోకపోతే మాత్రం బలవంతం చేయకండి, మొహం వాళ్ళది.

దుమ్ము జాగ్రత్త. పొడి రాలితే నోటితో ఊదొద్దు, అది మీ ఊపిరితిత్తుల్లోకే పోద్ది, బోర్డు తీసుకెళ్ళి బయట అరుగు దగ్గర నిలబెట్టి వెనక నుంచి మెల్లగా తట్టండి. ఫ్యాన్ ఆపేయండి, ఉక్కపోత అయినా సరే. అయ్యాక తడిగుడ్డతో నేల తుడవండి, పొడి చీపురు వద్దు. పసిపిల్లలు, ఆయాసం ఉన్నవాళ్ళు ఉన్న గదిలో వేయకండి.

బొమ్మ అయ్యాక చాలామంది పొడి రాలకుండా అంటించే ఫిక్సేటివ్ స్ప్రే కొట్టేస్తారు, నా మాట వినండి, ఆఖరి పూత మీద కొట్టొద్దు, ఆ పుప్పొడి మెరుపు చచ్చిపోయి రంగులు నల్లబడతాయి. పేస్టల్‌కి అద్దమే రక్షణ. అద్దం బొమ్మకి తగలకూడదు, మధ్యలో మౌంట్ బోర్డు పెట్టించి ఖాళీ వదలమని ఫ్రేమ్ కట్టేవాళ్ళకి గట్టిగా చెప్పండి, వాళ్ళు దేవుడి పటాలు కట్టినట్టు అద్దానికి ఆనించి కట్టేస్తారు, సగం రంగు అద్దానికి పోద్ది. ప్లాస్టిక్ అద్దం వద్దు, అది పొడిని లాక్కుంటుంది. ఫ్రేమ్ షాపుకి తీసుకెళ్ళేటప్పుడు పైన బటర్ పేపర్ కప్పి, అట్టల మధ్య పెట్టి, బొమ్మ పైకి ఉండేలా పడుకోబెట్టి తీసుకెళ్ళాలి, మన రోడ్ల మీద బైక్ వెనక నిలబెట్టి పట్టుకెళ్తే గుంతకో రంగు రాలుద్ది. ఇంట్లో వర్షం కొట్టే వైపు గోడకి తగిలించొద్దు, లోపలి గోడకి తగిలించండి, ఫ్రేమ్ వెనక నాలుగు మూలలా చిన్న కార్కు ముక్కలు అంటిస్తే గోడకీ ఫ్రేమ్‌కీ మధ్య గాలి ఆడుద్ది. ఇలా కాపాడుకుంటే ఎన్నేళ్ళుంటుందంటే, ఆవిడవి మూడొందల ఏళ్ళవి ఇప్పటికీ బుగ్గల్లో ఎరుపు పోలేదు.

రాజమండ్రి వెళ్ళినప్పుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళండి. ఆయన చిత్రకారుడు, 1897లో పుట్టి 1925లో ముప్పై నిండకుండానే పోయారు. అవి పేస్టల్స్ కాదులెండి, కానీ మన మనుషుల ఒంటి రంగుని, మన ఎండని ఎలా చూడాలో నేర్చుకోవడానికి ఫోన్‌లో చూసే వంద బొమ్మల కంటే అక్కడ ఒక గంట నిలబడితే మేలు.

రోసాల్బాకి చివర్లో కళ్ళు పోయాయి. శుక్లాలు వచ్చాయి, ఆ రోజుల్లో మత్తుమందు లేకుండా ఆపరేషన్లు చేయించుకుంది, కొన్నాళ్ళు కొంచెం కనిపించింది, మళ్ళీ పోయింది. జొవాన్నా అప్పటికే చనిపోయింది. చూపు లేకుండానే కొన్నేళ్ళు బతికి 1757 ఏప్రిల్‌లో వెనిస్‌లోనే పోయింది. ఇది చదివిన రోజే నేను మామ్మ బొమ్మ మొదలుపెట్టానండి, ఎందుకంటే మామ్మ కూడా శుక్లాల వల్లే అల్లకం మానేసింది, దారం గళ్ళు కనపడట్లేదని సూది పక్కన పెట్టేసింది. మీ ఇంట్లో వేయాలనుకుంటున్న మనిషి ఉంటే వచ్చే శీతాకాలం దాకా ఆగినా కనీసం అగ్గిపెట్టె బొమ్మలు ఇప్పుడే మొదలుపెట్టండి.

ఒకవేళ ఫ్రేమ్ కట్టాక తప్పు కనపడితే ఏం చేయాలో చెప్పి ఆపేస్తాను. బొమ్మ అయిన కొన్నాళ్ళకి మామ్మకి కంటి ఆపరేషన్ అయ్యింది, బానే అయ్యింది, నల్ల కళ్ళద్దాలు తీసేశాక గోడ మీద బొమ్మ దగ్గరికి వెళ్ళి చాలాసేపు నిలబడింది. మొహం గురించి ఒక్క ముక్క అనలేదు. చేతి అంచు దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ పువ్వుకి ఐదు రేకులే, నేను ఆరు అల్లానే" అంది. ఫ్రేమ్‌ని మంచం మీద బోర్లా కాకుండా వెల్లకిలా పడుకోబెట్టి, వెనక మేకులు పక్క నుంచి వదులు చేసి, ముందు ఫ్రేమ్‌ని, తర్వాత అద్దాన్ని పక్కకి జరపకుండా నేరుగా పైకి ఎత్తాలి. తప్పు ఉన్నచోట పొడి బ్రష్‌తో కొంచెం దులిపి, కింది రంగు మళ్ళీ పట్టించి, తడి తెలుపుతో చుక్క పెట్టి, పూర్తిగా ఆరేదాకా గంట ఆగి, అద్దం లోపలి వైపు తుడిచి, మళ్ళీ మూసేయాలి. మామ్మ పక్కనే కూర్చుని ఆరో రేకు ఎక్కడ రావాలో చూపించింది.